మాస్టారి ఎడమ భుజం

మొన్న నా సెల్‌ఫోనులో ఎవరో ఒక పాట పెట్టేశారు. నాకు ఫోను చేసినవాళ్ళందరికీ అది వినిపిస్తోందట. నేను పెట్టమనలేదు, ఎలా తీయాలో తెలియదు. మా చెల్లెలు ఫోను చేసి, "ఈ వయసులో నీకీ పాటలేందక్కా, ఊళ్ళో వాళ్ళు వింటే ఏమనుకుంటారు" అని నవ్వింది. తీయించేద్దామని కంపెనీకి ఫోను చేశాను. ఒక ఆడమనిషి గొంతు ఎత్తుకుంది. దానికి ఒకటి నొక్కండి, దీనికి రెండు నొక్కండి అని చెప్పుకుంటూ పోయింది. నేను మధ్యలో, "అమ్మాయ్, నా మాట కాస్త విను" అన్నాను. వినలేదు. ఆఖరికి, మళ్ళీ వినాలంటే తొమ్మిది నొక్కమంది.

నొక్కాను. మొదటినుంచీ అదే గొంతుతో, విసుక్కోకుండా, ఒక్క మాట మారకుండా మళ్ళీ చెప్పింది. అప్పుడు నాకు మాస్టారు గుర్తొచ్చారు. మళ్ళీ వినడం కోసం నా జన్మలో మొట్టమొదట నేను నొక్కింది ఫోను మీద అంకెను కాదు, ఆయన ఎడమ భుజాన్ని.

సత్తెనపల్లి రోడ్డులో మా ఊరి చివర మిరపకాయల షెడ్డు ఉండేది. పొలాల నుంచి వచ్చిన కాయలకు ముచ్చికలు తుంచి, రంగు పోయిన తాలుకాయల్ని ఏరి పక్కన పోయడం మా పని. అందరం ఆడవాళ్ళమే. ఘాటుకు ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకుని కూర్చునేవాళ్ళం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక వేసవి ముందు, మా షావుకారు కాయల్ని పైదేశానికి పంపడానికి బేరం కుదుర్చుకున్నారు. సరుకు కొనే దొర స్వయంగా వచ్చి షెడ్డు చూస్తాడట. పనివాళ్ళు శుభ్రంగా ఉంటారా, చెప్పింది అర్థం చేసుకుంటారా అని కూడా చూస్తాడట.

షావుకారు మా వైపు చాలాసేపు చూశారు. మా మీద ఆయనకు నమ్మకం కుదరలేదు.

"దొర ఏదన్నా అంటే గొడ్లు చూసినట్టు చూడమాకండే. అర్థమైనట్టు తల ఊపాల" అన్నారు.

ఆ ఊపడం నేర్పడానికి సత్తెనపల్లి నుంచి మాస్టారిని పిలిపించారు.

మాస్టారికి యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి ఉండేవారు. ఎదుటివాళ్ళు మాట్లాడితే తల ఒక పక్కకి వాల్చి, నేల మీద గింజను చూసే కోడిపెట్టలాగా నిలబడేవారు. మిరపకాయల షెడ్డులోకి టై కట్టుకొచ్చిన మనిషిని నేను ఆయన్ని తప్ప ఇంకొకరిని చూడలేదు. ఆ టైకి ముడి ఎప్పుడో ఒకసారి కుదిరిందట. విప్పితే మళ్ళీ కుదరదేమోనని ముడిని దారంతో కుట్టించేసి, రోజూ తలలోంచి దూర్చుకునేవారు. ఘాటుకు తట్టుకోలేక రెండో రోజుకల్లా ఆయన కూడా మూతికి తువ్వాలు కట్టారు. కింద టై, పైన తువ్వాలు, ఆ పైన కళ్ళజోడు. చూసినవాళ్ళు డాక్టరనుకునేవాళ్ళు.

"మీరు మాట్లాడక్కర్లేదమ్మా. వినడం ఒక్కటే నేర్పుతాను" అన్నారు మొదటిరోజు.

నా పక్కన కూర్చునే మస్తాన్‌బీ గుడ్డ వెనకనుంచే, "మూతులు కట్టుకు కూర్చున్నాం. ఇంక మాట్లాడేదేముందండీ మాస్టారూ. మేం రోజూ చేసేది వినటమే గదా" అంది.

నేను నలభై దాటాక బలపం పట్టినదాన్ని. పెద్దవాళ్ళ బడిలో అప్పటికి గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర ఆగి ఉన్నాను. నాకు భయమేసింది. "తెలుగే సగం రాలా, ఇంగ్లీషెట్టా వచ్చిద్ది మాస్టారూ" అన్నాను.

"నువ్వు మీ అమ్మ మాట విన్నప్పుడు నీకు అక్షరాలు వచ్చా?" అన్నారు ఆయన.

మూతి గుడ్డ సర్దుకుని కూర్చున్నాను.

ఇంగ్లీషు వినడానికి ఆయన ఒక టేపురికార్డరు తెచ్చారు. అంతకుముందు ఆయన పనిచేసిన బడి మూతపడితే, జీతానికి బదులు ఇచ్చి పంపిన సామానట అది. దానితో పాటు ఒకే ఒక్క క్యాసెట్టు. అందులో రెండు పాఠాలు. మొదటిది రైల్వే స్టేషను. ఒకావిడ కిటికీ దగ్గర నిలబడి, రైలు ఎన్నింటికి పోతుందని అడుగుతుంది. లోపలి గుమాస్తా ఏదో చెప్తాడు. ఆవిడకి అర్థం కాదు. మళ్ళీ అడుగుతుంది. రెండోది భోజనాల వేళ. తల్లి కొడుకుని పిలిచి, "షో మీ యువర్ హ్యాండ్స్. గో అండ్ వాష్ దెమ్" అంటుంది. కొడుకు, "ఎస్, మదర్" అంటాడు.

ఇదంతా మాకు తర్వాత తెలిసింది. మొదటిరోజు మేం విన్నది కిర్రుమన్న చప్పుడు మాత్రమే. మిరపపొడి లోపలికి పోయిందో, కరెంటు ఎక్కువ తక్కువలు అయ్యాయో, టేపురికార్డరు క్యాసెట్టులోని రీలును నమిలేసింది. మస్తాన్‌బీ దాని నోట్లోంచి రీలును చేంతాడు చేదినట్టు బారలు బారలుగా లాగింది. లాగినదాన్ని మళ్ళీ లోపలికి పంపడం ఎవరి వల్లా కాలేదు. ఆఖరికి పక్క జొన్నచేను రైతు అడిగి పట్టుకెళ్ళి, పిట్టలు వాలకుండా చేనికి అడ్డంగా కట్టుకున్నాడు. గాలి వీస్తే అది గుయ్యిమనేది.

"ఇంక పిచ్చికలు ఇంగ్లీషులో తిట్టుకుంటయ్" అంది మస్తాన్‌బీ.

మాస్టారు మాత్రం నవ్వలేదు. మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకెళ్ళి ఆ చేని గట్టు మీద కూర్చుని, తల వాల్చి వింటూ తిన్నారు.

మర్నాడు వచ్చి తన నిర్ణయం చెప్పారు. వినడం నేర్పే క్లాసులో మాస్టారు తన సొంత గొంతుతో చెప్పకూడదట. "నేను చెప్తే మీ మొహాలు చూసి ఆగుతాను. తేలికచేస్తాను. దొర ఆగడు కదమ్మా. టేపైతే ఎవరి మొహమూ చూడదు" అన్నారు. టేపు లేదు కాబట్టి ఇకనుంచి తానే టేపు. సుద్దముక్కతో చొక్కా మీద రెండు భుజాలకూ గీతలు గీసుకున్నారు. కుడి భుజం నొక్కితే మొదలు. ఎడమ భుజం నొక్కితే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటినుంచి. ఆపాలంటే టై లాగాలి.

మగమనిషి భుజం ఎలా ముట్టుకుంటాం. మొదట్లో కాయలు ఆరబోసే చెక్కపార పిడితో దూరంనుంచి పొడిచేవాళ్ళం. ఆయన ఒప్పుకోలేదు. "అంత గట్టిగా తగిలితే టేపు చివరికి పోతుందమ్మా" అన్నారు. నిజంగానే, పొడిచిన ప్రతిసారీ పాఠం చివరి మాట ఒక్కటే చెప్పి ఊరుకునేవారు. ఇంక తప్పక వేలితో నొక్కడం అలవాటు చేసుకున్నాం.

ఆయన టేపుగా ఉన్నంతసేపు మనిషి కాదు. ఆడగొంతుతో రైలు సంగతి అడిగేవారు, మగగొంతుతో జవాబు చెప్పేవారు, మధ్యలో రైలు కూత కూసేవారు. మొదటిసారి చెప్పినప్పుడు ఘాటుకు రైలు కూత తర్వాత తుమ్ము వచ్చింది. రెండోసారి కూడా సరిగ్గా అక్కడే తుమ్మారు. మూడోసారీ అంతే. "ఏంది మాస్టారూ, తుమ్ము కూడా పాఠమేనా" అని అడిగితే, "టేపు మారకూడదమ్మా" అన్నారు. ఒక్కోసారి కళ్ళజోడు మసకబారితే అలవాటుకొద్దీ టై కొసతో తుడుచుకునేవారు. తన టై తనే లాగినట్టయ్యేది. మాట సగంలో ఆగిపోయేది. ఎవరో ఒకరు లేచి కుడి భుజం నొక్కేదాకా కళ్ళజోడు చేత్తో పట్టుకుని అలాగే నిలబడేవారు.

మేం మాస్టారి భుజాలు నొక్కుతున్నామని ఊళ్ళో పుకారు లేచింది. మస్తాన్‌బీ మొగుడు, సైకిల్ మీద తిరిగి పరుపులు ఏకే మనిషి, ఒకరోజు సైకిల్ వాకిట్లో పడేసి లోపలికి వచ్చాడు. చేతులు కట్టుకుని మూల నిలబడి ఒక పాఠం మొత్తం చూశాడు. మస్తాన్‌బీ కళ్ళెత్తకుండా ముచ్చికలు తుంచుతోంది. పాఠం అయ్యాక అతను గొంతు సవరించుకుని, "మాస్టారూ, నేనోసారి నొక్కొచ్చా?" అన్నాడు. నొక్కాడు. తుమ్ముతో సహా అంతా విన్నాడు. వెళ్తూ వెళ్తూ, "పాపం, ఆయమ్మకి రైలు దొరికిందా?" అని అడిగాడు.

మాస్టారు ఉప్పొంగిపోయారు. "చూశారా? ఒక్క ముక్క రాని మనిషి ఆయన. ఆడమనిషని పట్టాడు, రైలని పట్టాడు, కంగారని పట్టాడు. ఇంకేం కావాలి" అని ఆ రోజంతా అదే చెప్పుకున్నారు.

"మా ఆయన్ని పొగిడినోళ్ళు మీరేనండీ ఇంతవరకు" అంది మస్తాన్‌బీ.

ఆయన ఎప్పుడూ "అర్థమైందా?" అని అడగలేదు. అలా అడిగితే ఎవరైనా అయిందనే అంటారట. "ఏం విన్నావమ్మా?" అని అడిగేవారు. ఆ ప్రశ్న ఆయన మమ్మల్నే కాదు, అందరినీ అడిగేవారు. బస్సు కండక్టరుకి తను దిగే ఊరు చెప్పి, "ఏం విన్నారండీ?" అనేవారు. టీకొట్టు వాడికి చక్కెర తక్కువ వెయ్యమని చెప్పి, "ఏం విన్నావు నాయనా?" అనేవారు. టీకొట్టు వాడు ఆయన రాగానే, "తక్కువ చక్కెర విన్నానండీ మాస్టారూ" అని ముందే కేకేసేవాడు.

ఆయన నేర్పిన విద్యంతా చెప్పాలంటే పెద్ద పనేమీ కాదు. వినబోయే ముందు, ఎదుటివాడు ఏం అనబోతాడో ఊహించుకోవాలి. చోటు చూడాలి, మొహం చూడాలి, చేతులు చూడాలి. ప్రతి మాట వెనకా పరిగెత్తకూడదు. మనిషి ఏ మాటను నొక్కి పలుకుతున్నాడో దాన్ని పట్టుకుని మిగతాది జారిపోనివ్వాలి.

"దొర వచ్చి మొట్టమొదట ఏమంటాడో ఊహించండి" అన్నారు ఒకరోజు.

"మంచినీళ్ళు అడుగుతాడు" అంది మస్తాన్‌బీ. "ఈ షెడ్డులోకి కొత్తగా వచ్చినోడెవడైనా ముందు అడిగేది అదే. మీరూ అదే అడిగారు."

"భేష్" అన్నారు మాస్టారు.

అన్నిటికన్నా ఆయనకు గిట్టనిది ఒకటుంది. అర్థం కాకుండా తల ఊపడం. దాన్ని పట్టుకోవడానికి పాఠం మధ్యలో, అదే గొంతుతో, మీ ఇల్లు తగలబడుతోందని ఇంగ్లీషులో అనేవారు. ఎవరైనా తల ఊపితే పాఠం ఆపి వాళ్ళ దగ్గరికి వచ్చి, ఎవరో పోయిన ఇంటికి వచ్చినవాడిలా మెల్లగా, "నీ ఇల్లు కాలిపోతోందన్నానమ్మా. సరేనన్నావు" అనేవారు. నేను రెండుమూడుసార్లు అలా ఇల్లు పోగొట్టుకున్నాను. తర్వాత మెడ బిగబట్టి కూర్చోవడం నేర్చుకున్నాను.

ఇక్కడే వచ్చింది చిక్కు. షావుకారు ఆయన్ని పిలిపించింది తల ఊపడం నేర్పమని. ఈయన నేర్పుతున్నది ఊపకపోవడం.

షావుకారు జూన్‌లో ఊళ్ళో ఇంగ్లీషు మీడియం కాన్వెంటు తెరవబోతున్నారు. దొర వచ్చిపోయే పని సవ్యంగా జరిగితే, అందులో హెడ్మాస్టరు కుర్చీ మాస్టారిదేనని మాట ఇచ్చారు. జరక్కపోతే ఆయనకు మిగిలింది సత్తెనపల్లిలో బావమరిది నడిపే ఎరువుల కొట్టు. పురుగుమందుల వాసనకు ఆయనకు తల పగిలిపోతుందట. అదీ కాక, "ఆ కొట్లో అందరూ మాట్లాడేవాళ్ళేనమ్మా. వినేవాడు లేడు" అనేవారు. ఆయన్ని చాలా బళ్ళు పొమ్మన్నాయి. ఆ వయసులో ఇంకో బడి పిలుస్తుందన్న ఆశ లేదు. కాన్వెంటు గోడలు లేస్తుంటే, బస్సు దిగి రోజూ అటుగా ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. హెడ్మాస్టరు గది కిటికీ తూర్పుకి ఉందని మాకు చెప్పింది ఆయనే.

మస్తాన్‌బీకి ఇది నచ్చలేదు. ఒకరోజు అన్నాల దగ్గర, "మాస్టారూ, ఊపమంటే ఊపేస్తాం గదండీ. మా సొమ్మేం పోయింది. మీ ఉజ్జోగం మీకొచ్చిద్ది" అంది.

"నిజమే" అన్నారు ఆయన. అన్నంలో ఇంకాస్త పులుసు పోసుకున్నారు. "కానీ ఒకసారి ఊపడం అలవాటైతే ఇంక వినరమ్మా. నేను చూశాను. నా క్లాసుల్లో కూర్చున్న పిల్లలంతా ఊపినవాళ్ళే."

"ఆ ఒక్క రోజుకేనండీ."

"ఆ ఒక్క రోజు కోసమే కదా నేను వచ్చింది" అన్నారు.

ఆ వారంలోనే షావుకారు పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని షెడ్డులోకి వచ్చారు. మాస్టారు అప్పుడు రైల్వే స్టేషను మధ్యలో ఉన్నారు.

"ఏం మాస్టారూ, ఊపుతున్నారా?" అన్నారు షావుకారు.

మాస్టారు ఆడగొంతుతో, రైలు ఎన్నింటికి పోతుందని ఆయన్నే చూస్తూ ఇంగ్లీషులో అడిగారు.

"నేనడిగేది ఏంది, నువ్వు చెప్పేది ఏంది?"

మాస్టారు రైలు కూత కూసి, తుమ్మారు.

షావుకారు రెండడుగులు వెనక్కి వేశారు. "ఏమైందే ఈయనకి?" అని మమ్మల్ని అడిగారు.

మస్తాన్‌బీ లేచి నిలబడి, మర్యాదగా, "టేపు నడుస్తా ఉందండీ అయ్యగారూ. ఆపాలంటే టై లాగాల" అంది.

షావుకారు మా అందరి మొహాలూ చూశారు. ఎవరం నవ్వడం లేదు. మాకది మామూలే. ఆయన కాసేపు తటపటాయించి, చెయ్యి చాచి, టై కొస పట్టుకుని లాగారు.

"నమస్కారమండీ" అన్నారు మాస్టారు. "ఇంకా ఊపడం లేదండీ. వింటున్నారు."

"వినటం దేనికయ్యా? ఆళ్ళు వినకపోతే కాయలు ఎగుమతి కావా? నాకు ఊపాల. మెడ ఇట్టా కిందకి, ఇట్టా పైకి. గంగిరెద్దుకి నేర్పలా?"

"విన్నానండీ" అన్నారు మాస్టారు. షావుకారు వెళ్ళాక మా వైపు తిరిగి, "ఆయన ఏం చెప్పారో విన్నారు కదమ్మా. మీ ఇష్టం" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మేమే కుడి భుజం నొక్కాం.

దొర వచ్చే రోజు దగ్గరపడింది. షెడ్డుకి సున్నం కొట్టారు. ముందురోజు తాపీమేస్త్రి వచ్చి లోపలి గోడకి వరసగా తెల్లటి చేతులు కడుక్కునే సింకులు బిగించాడు. ఒక్కోదానికి తళతళలాడే కుళాయి. "గొట్టం ఏదయ్యా?" అని నేను అడిగాను. "గొట్టం సంగతి తర్వాతంట. ముందు తెల్లగా కనపడాలంట" అన్నాడు. కనపడ్డాయి. మేం వాటి వంక చూసి, ఎవరింటికి పెళ్ళి సామానో అన్నట్టు మళ్ళీ పనిలో పడ్డాం.

దొర కారు దిగాడు. ఎర్రటి మనిషి, నెమ్మదిగా ఉన్నాడు. మాస్టారిని మాట్లాడొద్దని చెప్పి వెనక గోడకి నిలబెట్టారు. ఆయన మూతి మీది తువ్వాలు తీసేసి, ఘాటుకు కళ్ళు నీళ్ళు కారుతున్నా మమ్మల్నే చూస్తున్నారు. దొర కాయలు చూశాడు, కాయల కింద పరిచిన పట్టాలు చూశాడు, మా ముందుకు వచ్చి నిలబడి ఏదో అడిగాడు. గబగబా, వాన కురిసినట్టు.

షావుకారు మా వైపు తిరిగి, "మీరు బాగా పనిచేస్తన్నారంట. ఊపండి" అన్నారు.

ఎవరం ఊపలేదు. మాకు అర్థం కాలేదు మరి.

"ఊపండే" అన్నారు షావుకారు పళ్ళ బిగువున.

మస్తాన్‌బీ లేచింది. కొంగు సర్దుకుంది. దొర దగ్గరికి నడిచి వెళ్ళి, ఆయన ఎడమ భుజాన్ని వేలితో నొక్కింది. నొక్కి, ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడింది.

దొర తన భుజం చూసుకున్నాడు. మస్తాన్‌బీని చూశాడు. ఆవిడ మొహంలో తప్పు చేసిన జాడ ఏమీ లేదు, ఎదురుచూపు తప్ప. ఆయన ఏమనుకున్నాడో, ఇదేదో ఈ వైపు ఆచారం అనుకున్నాడో, గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు. అయితే మాస్టారిలా మొదటికి పోలేదు, సగంలోంచి ఎత్తుకున్నాడు. మస్తాన్‌బీకి అది నచ్చలేదు. మళ్ళీ నొక్కింది.

ఈసారి దొర నెమ్మదిగా చెప్పాడు. చేతులు చూపించాడు. "షో" అన్నాడు. "వాష్" అన్నాడు. "హ్యాండ్స్" అన్నాడు.

ఆ మాటలు నాకు తెలుసు. తల్లి కొడుకుని అడిగే మాటలు. ఎక్కడో పైదేశంలో పుట్టిన మనిషి నోట్లోంచి వచ్చిన మాటలు సూటిగా నా లోపలికి వచ్చి కూర్చున్నాయి. పక్కకి చూస్తే అందరి కళ్ళూ అలాగే ఉన్నాయి. ఎవరు ముందు లేచారో చెప్పలేను. అందరం లేచాం. అందరం మూతి గుడ్డలు కిందికి లాగి, ఒక్క గొంతుతో, "ఎస్, మదర్" అన్నాం.

అని, వరసగా వెళ్ళి సింకుల ముందు నిలబడ్డాం. గొట్టం లేదని నాకు తెలుసు. మేస్త్రిని అడిగినదాన్ని నేనే. కానీ అర్థమైందన్న సంతోషంలో నీళ్ళ సంగతి ఎవరికి గుర్తుంటుంది. కుళాయిలు తిప్పాం. ఏమీ రాలేదు. చేతులు చాచి అలాగే నిలబడ్డాం.

ఈలోగా దొర, మస్తాన్‌బీ నొక్కిన చోట భుజం తడుముకున్నాడు. అదే చేత్తో కన్ను నులుముకున్నాడు. పొద్దుటినుంచీ కాయలు తుంచిన చెయ్యి మస్తాన్‌బీది. దొర ఒక్కసారి వంగిపోయాడు. కన్ను మూసుకుని మా మధ్యలోంచి దారి చేసుకుని వచ్చి, నా ముందున్న కుళాయి తిప్పాడు. రాలేదు. పక్కది తిప్పాడు. ఆ వరస చివరిదాకా తిప్పుకుంటూ పోయాడు. ఆయన వెనక షావుకారు, ఆయన విప్పిన ప్రతి కుళాయినీ కట్టేసుకుంటూ వెళ్ళారు. ఎందుకు కట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

"వాటర్" అన్నాడు దొర.

"చెప్పలా, మంచినీళ్ళు అడుగుతాడని" అంది మస్తాన్‌బీ.

నేను పరిగెత్తి మా తాగే కుండ ఎత్తుకొచ్చాను. దొర కింద కూర్చుని కళ్ళు తెరిచి పెట్టాడు, నేను గిన్నెతో పోశాను. మస్తాన్‌బీ తన మజ్జిగ తెచ్చి ఆయన చేతుల మీద పోసింది. మంట తగ్గాక ఆయన లేవలేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే వంగి, సింకు కిందికి తల పెట్టి చూశాడు. అక్కడ కొత్త సున్నం తప్ప ఏమీ లేదు. "నో పైప్" అన్నాడు.

షావుకారు అలవాటుకొద్దీ మా వైపు తిరిగి, "చాలా బాగుందంటున్నాడు. ఊపండి" అన్నారు.

ఎవరం ఊపలేదు.

దొర మాకు దణ్ణం పెట్టాడు. షావుకారుకి పెట్టలేదు. కారెక్కి వెళ్ళిపోయాడు. గొట్టాలు వేసి కబురు చేసేదాకా కాయలు కదలవని ఆయనతో వచ్చిన మనిషి చెప్పి వెళ్ళాడు.

కారు రేపిన దుమ్ము సర్దుకోకముందే షావుకారు మాస్టారి మీద పడ్డారు.

"నేనేం నేర్పమన్నా, నువ్వేం నేర్పావయ్యా? మెడ ఊపటం నేర్పమంటే దొరని పొడవటం నేర్పుతావా? అమ్మా అని పిలవటం నేర్పుతావా?"

మాస్టారు తల ఒక పక్కకి వాల్చి వింటున్నారు.

మస్తాన్‌బీ ముందుకు వచ్చి, "అయ్యగారండీ, నొక్కింది నేను. మాస్టారేం చేశారు?" అంది.

"నువ్వు గుడ్డ కట్టుకో ముందు" అని, ఆయన మళ్ళీ మాస్టారి వైపు తిరిగారు. "కాన్వెంటు లేదు, కుర్చీ లేదు. పోయి మీ బావమరిది కొట్లో పురుగుమందు డబ్బాలు సర్దుకో. అసలు ఆళ్ళకి అర్థమయ్యేటట్టు చెప్పమని నిన్నెవడు అడిగాడయ్యా?"

మాస్టారు తల నిటారుగా ఎత్తారు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అది ఘాటో మరొకటో చెప్పలేను.

"చాలా బళ్ళల్లో చెప్పానండీ" అన్నారు. "అందరూ పొమ్మన్నవాళ్ళే. పిల్లలు అల్లరి చేస్తున్నారని ఒకరు, ఫీజులు అడగడం చేతకాదని ఒకరు, సిలబస్ అవగొట్టలేదని ఒకరు. ఈ కారణం చెప్పి మాత్రం ఎవరూ పొమ్మనలేదండీ."

"పో" అన్నారు షావుకారు, రోడ్డు వైపు చెయ్యి చూపించి.

మాస్టారు మా అందరికీ నమస్కారం పెట్టారు. సంచీ అందుకున్నారు. కానీ కదల్లేదు. అర్థమయ్యేటట్టు చెప్పారన్న ఆ మాట ఇంకోసారి అంటారేమోనని నిలబడ్డారు.

షావుకారుకి కోపం తగ్గలేదు కాబట్టి, అన్నారు. ఈసారి రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా.